మా లోయకు ఇంకో ఆరు హత్యలు మంజూరు చేయండి

మనుషులు సుఖంగా బతకాలంటే ఊళ్ళో ఏడాదికి కనీసం ఆరు హత్యలు జరగాలి!

కంగారు పడకండి. నిజం హత్యలు కాదు, అచ్చులో జరిగేవి. ఈ మధ్య కుప్పలు తెప్పలుగా వచ్చిపడుతున్న డిటెక్టివ్ నవలలూ థ్రిల్లర్లూ ఉన్నాయే, వాటి సంగతి. వాటిని చూసి మొహం చిట్లించే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. జనం చెడిపోతున్నారట, పిల్లలు దడుచుకుంటున్నారట, చెట్లు నరికి కాగితం చేసేది ఇందుకేనా అని బాధట. అలాంటి వాళ్ళంతా ఒకసారి నార్వే కొండల్లోకి, మా స్కర్‌దాల్ లోయలోకి దయచేయాలి. ఆ నవలల వల్ల ఊరు ఎంత బాగుపడుతుందో కళ్ళారా చూడాలి.

లోయలో మేం నూట ఎనభై ఏడుగురం. నవలల్లో ఇప్పటిదాకా చచ్చినవాళ్ళం రెండు వందల నలభై మూడు మందిమి. అంటే ఏమిటన్నమాట? అందరం తలా ఒకసారి పోయాక, పైన ఇంకో యాభై ఆరు చావులు మిగిలాయి! ఒక్క చర్చి ఫాదరునే పదకొండుసార్లు చంపారు. పాపం, ఆయనకు అలవాటైపోయి, కొత్త నవల వచ్చిందంటే ముందు ఏ పేజీలో పోయానో చూసుకుని, తరువాత కాఫీ తాగుతాడు.

రచయితలకు మా లోయంటే ఎందుకంత మోజు అంటారా? ఒకే రోడ్డు, అది మంచు పడితే మూసుకుపోతుంది. ఒక సరస్సు, అది గడ్డకడుతుంది, శవం వసంతం దాకా చెడకుండా ఉంటుంది. తారు పూసిన నల్లటి చర్చి ఒకటి. పొగమంచు కావలసినంత. ఇంతకన్నా ఏం కావాలి?

లాభాలు చూడండి. స్కూలుకు వెళ్ళే దారిలో మంచు తీయడం మానేసి ఆరేళ్ళయింది, ఎందుకంటే స్కూలే లేదు. కానీ సరస్సు ఒడ్డున ‘ఏడో శవం’ దొరికిన చోటికి రోజూ రెండు పూటలా మంచు తీస్తారు! బస్సుల్లో వచ్చే చదువరులు అక్కడ నిలబడి ఫొటోలు దిగుతారు. దంతవైద్యుడు రెండు వారాలకొక గురువారం వస్తాడు. శవం అభిమానులు మాత్రం వారానికి ఏడు రోజులూ వస్తారు. ఇది అభివృద్ధి కాక మరేమిటి?

ఇక పోలీసు ఆఫీసు. ప్రజలకు పోలీసులను దగ్గర చేసే పథకం ఒకటి నాలుగేళ్ళ కిందట వచ్చింది. ఆ పథకం కింద మా ఆఫీసును మూసేసి, నూట ముప్పై కిలోమీటర్ల అవతలి పట్నానికి తీసుకుపోయారు. అంత దగ్గరయ్యారు.

అయినా మాకేం లోటు? అచ్చులో మాకు బోలెడంత మంది పోలీసులు. ఏ నవల తెరిచినా పదిమంది ఇన్‌స్పెక్టర్లు మా ఊరి నిండా తిరుగుతూ ఉంటారు!

ఈ నవలలన్నీ మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదివినవాడు మా లోయలో ఒక్కడే: ఓస్ముండ్. డెబ్భై ఆరేళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళు మంచు తోసే లారీ నడిపి రిటైరయ్యాడు. భార్యాబిడ్డలు లేరు, పిల్లి ఉండేది, అది కూడా నవలలో విషం తిని పోయిన రోజునే ముసలితనంతో పోయింది. రచయిత ముందే ఎవరినో పంపి చూసి రాశాడని ఓస్ముండుకు ఇప్పటికీ అనుమానం.

మా దేశపు పత్రికల్లో పుస్తకానికి మార్కులు వేయరు, పాచిక బొమ్మ వేస్తారు. ఆరు చుక్కలు పడితే అమోఘం, ఒక్క చుక్క పడితే పొయ్యిలోకి. ఓస్ముండ్ ఈ పద్ధతిని అక్షరాలా పాటిస్తాడు. పుస్తకం ముగించగానే వంటింటి బల్ల మీద నిజంగానే పాచిక వేస్తాడు. పడిన చుక్కలు తన అభిప్రాయంతో కలిస్తే సరే. లేకపోతే పాచికకు సరిగా తెలియలేదని మళ్ళీ వేస్తాడు. ఒకసారి ఒక్క చుక్క కోసం పందొమ్మిదిసార్లు వేశాడు. ఆ తరువాత పెన్సిలుతో చిన్న చీటీ రాసి, పుస్తకం వెనక అట్టకు అతికిస్తాడు. లోయలో సగం మంది నవల చదవరు, ఆ చీటీ చదువుతారు.

కొన్ని చీటీలు మీరూ చూడండి.

‘ఈ ఇన్‌స్పెక్టరుకు కూడా విడాకులే. ఈ ఏడాది చదివిన ఇరవై రెండింటిలో ఇరవై ఒక్కడికి విడాకులు, అందరూ తాగుతారు, ఎవడి కూతురూ ఫోను ఎత్తదు. ఒక్కడైనా మధ్యాహ్నం వేళకు అన్నం తిన్న పాపాన పోలేదు. ఖాళీ కడుపుతో బుర్ర ఎలా పనిచేస్తుంది? రెండు చుక్కలు.’

‘మొదటి పేజీలో వాలు అక్షరాలతో ఎవరో నేలమాళిగలో ఏడుస్తున్నారు. స్కర్‌దాల్‌లో నేలమాళిగ ఎక్కడుంది? మూరెడు తవ్వితే బండ తగులుతుంది. ఆ తవ్వినవాడికి ఆరు చుక్కలు, పుస్తకానికి ఒకటి.’

‘హంతకుడు మళ్ళీ డాక్టరే! ఇరవై రెండు పుస్తకాల్లో పద్నాలుగు మంది డాక్టర్లు. వీళ్ళంతా హత్యల మీద పడితే రోగులను చూసేదెవరు? డాక్టర్లను హంతకులుగా పెట్టడం ఇకనైనా మానాలి. రెండు చుక్కలు.’

‘ఫోను చేసిన పదకొండు నిమిషాలకు పోలీసులు స్కర్‌దాల్ చేరారట. ఆ రోడ్డు మీద ముప్పై ఒక్క ఏళ్ళు మంచు తోసినవాణ్ణి నేను. ఫిబ్రవరిలో ఆ కనుమ దాటాలంటే హెలికాప్టరుకైనా ఇరవై రెండు నిమిషాలు పడుతుంది, అది కూడా పైలటుకు ఉచ్చ రాకపోతే. ఒక చుక్క.’

కానీ ఆయన ఒళ్ళు మండించేది ఒక్క రకం నవల. అందులో కథ చెప్పే మనిషే నేరం చేస్తుంది, చేసినట్టు మరిచిపోతుంది, చివరి అధ్యాయంలో గుర్తుకు తెచ్చుకుని ‘అయ్యో’ అంటుంది. ఆ పుస్తకం చీటీ మీద ఓస్ముండ్ పెన్సిలు ముల్లు విరిగిన గుర్తు ఉంది. ‘తను చేసిన పని తనే మరిచిపోయి, దాని కోసం మూడొందల పేజీలు ఊరంతా వెతికే వెధవ భూమ్మీద పుట్టలేదు, పుట్టబోడు. చుక్కలు లేవు. పాచిక విసిరి కొట్టాను, పొయ్యి కిందికి పోయింది.’

ఇది గుర్తుంచుకోండి.

ఈస్టరు వచ్చిందంటే మా దేశం దేశమంతా కొండ మీది చెక్క ఇళ్ళకు ఎక్కి, నారింజపండ్లు ఒలుచుకుంటూ, ఎవడు ఎవణ్ణి చంపాడో చదువుకుంటుంది. దేవుడి కొడుకు లేచిన పండక్కి జనం చచ్చే కథలేమిటని అడగకండి, మాకూ తెలియదు. ఈ రోజుల్లో పాల ప్యాకెట్టు మీద కూడా హత్య బొమ్మల కథ అచ్చేస్తారు. పొద్దున్నే కాఫీలో పాలు పోసుకుంటూ ఒక శవాన్ని చూడకపోతే పండగ వచ్చినట్టే ఉండదు!

అందుకని ఈస్టరు ముందు బుధవారం పట్నం లైబ్రరీ నుంచి పెట్టె నిండా కొత్త నవలలు మా లోయకు వస్తాయి. దిగేది రాగ్నీ కొట్లో. రాగ్నీ అంటే కిరాణా, పోస్టాఫీసు, పెట్రోలు పంపు, లైబ్రరీ, అన్నీ ఆవిడే. అరవై రెండేళ్ళ మనిషి, నోరు మాత్రం పాతికేళ్ళది. మధ్యాహ్నం రెండింటికి ఆవిడ కొట్టు మూసి కొండెక్కితే మళ్ళీ మంగళవారమే దిగడం. ముందు వచ్చినవాడిదే పుస్తకం. తొమ్మిదేళ్ళుగా ఆ వరసలో మొదటివాడు ఓస్ముండే.

ఓస్ముండ్ ఇంటి నుంచి కొట్టుకు కిలోమీటరున్నర. అంతా నున్నటి గడ్డ మంచు. ఆ దారిన ఆయన్ను మోసుకొచ్చేది ఒక్కటే: స్పార్క్ బండి. రెండు పొడుగాటి ఇనుప పట్టాల మీద ఒక చెక్క కుర్చీ; వెనక నిలబడి, ఒక కాలు పట్టా మీద ఉంచి, రెండో కాలితో నేలను తన్నుకుంటూ పోవడమే. కుర్చీలో సామాను. నలభై ఏళ్ళ బండి. చేతిపిడికి ఆయనే తోలు చుట్టాడు. అది ఉన్నంతకాలం ఓస్ముండ్ ఎవరినీ ‘కాస్త దింపుతావా’ అని అడగలేదు. అడగబోడు కూడా.

ఆ బండి పోయింది!

పండగ పుస్తకాలకు పదమూడు రోజులుందనగా, ఒక గురువారం కొట్టుకు వెళ్ళొచ్చాడు. శుక్రవారం పొద్దున తలుపు తీస్తే అరుగు మీద బండి లేదు. నలభై ఏళ్ళుగా ఉండే చోట ఉత్త గోడ. బండిలో వదిలేసిన రెండు కిలోల నారింజపండ్లు కూడా లేవు.

ఓస్ముండ్ ముందు అరుగు చుట్టూ కర్రలు పాతి తాడు కట్టాడు, ఆధారాలు చెదరకుండా. తరువాత పోలీసులకు ఫోను చేశాడు. ఒకటి నొక్కమంటే ఒకటీ, నాలుగు నొక్కమంటే నాలుగూ నొక్కాక, నలభై నిమిషాలకు ఒక మనిషి గొంతు వినిపించింది.

“అత్యవసరమా అండీ?”

“కొత్త పుస్తకాలు పన్నెండు రోజుల్లో వస్తున్నాయి.”

“ఎవరికైనా దెబ్బలు తగిలాయా?”

“ఇంకా లేదు. దొంగ దొరకనీ.”

“ఏం పోయింది?”

“స్పార్క్ బండి. నారింజపండ్లు. దొంగ పండ్లు కూడా వదల్లేదంటే వాడు మామూలు దొంగ కాదు, మనసులో ఏదో పగ ఉంది.”

“ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?”

“స్కర్‌దాల్.”

“ఓ! ఆ సరస్సులో ఏడుగురు దొరికారే, ఆ స్కర్‌దాలేనా? మా ఆవిడ చదివి రెండు రోజులు నిద్రపోలేదు. భలే ఊరండీ మీది!”

“మనిషిని పంపుతావా లేదా?”

“మనుషులు లేరండీ. నెట్‌లో ఫిర్యాదు పెట్టండి.”

సాయంత్రం పాలు ఇవ్వడానికి కారులో వచ్చిన రాగ్నీ తన ఫోను తీసి, ఆయన చెబుతుంటే ఫిర్యాదు కొట్టడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలకు ఆగిపోయింది.

“ఏమయ్యా ఓస్ముండూ, దొంగ చిన్నతనం దేనికి ఇందులో?”

“ఈ రోజుల్లో అది లేకపోతే ఎవరూ చదవరు.”

“వాళ్ళమ్మ వాణ్ణి నేలమాళిగలో పెట్టి తాళం వేసిందా! లోయలో నేలమాళిగ లేదని చీటీలు రాసి చంపుతావు కదయ్యా నువ్వు?”

“దొంగ ఈ ఊరివాడు కాదు. నువ్వు కొట్టు.”

“కొట్టడానికి ఏముంది, అయిదొందల అక్షరాలే పడతాయట. దొంగకు అయిదో ఏడు వచ్చేసరికి పెట్టె నిండిపోయింది.”

“బండి సంగతి రాశావా?”

“వాడింకా బళ్ళో చేరలేదు, బండి ఎక్కడి నుంచి వస్తుంది?”

అయినా పంపారు. జవాబు అయిదో రోజుకల్లా వచ్చింది. పోలీసులు పని చేయరని ఎవరన్నారు? ‘తగిన సిబ్బంది లేనందున మీ కేసు మూసివేయడమైనది.’ చూడండి, ఎంత పొదుపు! ఒక్క వాక్యం. విడాకులు లేవు, తాగుడు లేదు, వాలు అక్షరాలు లేవు. ఓస్ముండ్ అలవాటు కొద్దీ, కొత్తగా కొన్న పాచిక వేశాడు. మూడు పడింది. ‘శైలి బాగుంది, ముగింపు తేలిపోయింది’ అని చీటీ రాసి ఆ ఉత్తరానికే అతికించాడు.

ఇంక ఆయనకు మిగిలింది వారం రోజులు. ఆదివారం బూట్లకు ఇనుప ముళ్ళు కట్టుకుని, రెండు కర్రలు పట్టుకుని, నడిచి కొట్టుకు పోవడానికి ఒకసారి అభ్యాసం చేసి చూశాడు. వంద గజాలకు మూడుసార్లు పడ్డాడు. మూడోసారి వెల్లకిలా పడి ఆకాశం చూస్తూ లెక్క వేసుకున్నాడు: ఈ లెక్కన బుధవారం కొట్టు మూసే వేళకు సగం దారిలో ఉంటాడు. ఈస్టరుకు కొత్త హత్య ఒక్కటి కూడా లేకుండా, పాల ప్యాకెట్టు మీది హత్యనే అయిదు రోజులూ తిప్పి తిప్పి చదువుకోవాలి!

రాగ్నీ దింపుతానంది. “వద్దు” అన్నాడు. పుస్తకాలు తెచ్చిస్తానంది. “నువ్వు తెచ్చేవి నాకు నచ్చవు” అన్నాడు.

ఇక్కడే, చదువరులారా, థ్రిల్లర్ల మహిమ ఏమిటో చూడండి!

పండగ వారం సోమవారం ఒక కారు లోయలోకి దిగింది. అందులోంచి తీరిల్ అనే రచయిత్రి దిగింది. ఓస్లో మనిషి, ముప్పై దాటిన వయసు, నల్ల కోటు. మా లోయలో ఇంతకుముందు పంతొమ్మిది మందిని చంపిన అనుభవం ఉంది. కొత్త నవల కోసం ఊరు చూడ్డానికి వచ్చింది. ఆవిడ వెనకాల ఇంకొకరు దిగారు. యూనిఫారంలో ఉన్న కానిస్టేబులు! నిజమైనవాడు! నాలుగేళ్ళలో మేం చూసిన మొదటివాడు! వంటింటి కిటికీల్లో తెరలన్నీ ఒక్కసారి కదిలాయి. ఒకావిడ ముట్టుకుని చూసి వచ్చింది.

కానిస్టేబులు పేరు స్వెర్రె. నవలల్లో పోలీసు పని తప్పుగా రాస్తే శాఖ పరువు పోతుందని, పై అధికారులు ఆయన్ను రెండు రోజులు రచయిత్రికి అప్పగించారు. మనుషులు లేని శాఖలో మనిషి ఎలా దొరికాడని అడక్కండి. ఇది సాహిత్యసేవ.

ఆ సంగతి రాగ్నీ ఫోనులో చెప్పిన గంటన్నరకు, ఆదివారం నాటి లెక్క పక్కనబెట్టి, ఓస్ముండ్ కొట్లో ఉన్నాడు. ఎన్నిసార్లు పడ్డాడో చెప్పలేదు కానీ గడ్డానికి మంచు ఉంది. స్వెర్రె కౌంటరు దగ్గర వాఫిల్ తింటున్నాడు. మధ్యాహ్నం వేళకు తింటున్న పోలీసును చూసి ఓస్ముండుకు ముందు గౌరవం కలిగింది.

“నీకు విడాకులయ్యాయా?” అన్నాడు.

“లేదు పెద్దాయనా. ముగ్గురు పిల్లలు.”

“తాగుతావా?”

“డ్యూటీలోనా? కాఫీ.”

“మంచిది. అయితే నువ్వు పనికొస్తావు. నా బండి పోయింది, పద.”

స్వెర్రె ఫోనులో వెతికి తల అడ్డంగా ఆడించాడు. “అది మూసేసిన కేసు. నన్ను ఇక్కడికి పంపింది నవల పని మీద. నిజం కేసు ముట్టుకుంటే రేపు నా మీద కేసవుతుంది.”

“అంటే అబద్ధమైతే వెతుకుతావా?”

“అబద్ధమైతే ఎంతైనా వెతుకుతా. అందుకేగా పంపారు.”

ఇంకొకడైతే ఇంటికి పోయి ఏడ్చేవాడు. మూడు వందలకు పైగా థ్రిల్లర్లు చదివిన బుర్ర ఊరుకుంటుందా? ఓస్ముండ్ తిరిగి తీరిల్ బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆవిడ కాగితాల ముందు తల పట్టుకుని ఉంది.

“ఏమ్మాయ్, ఎవణ్ణి చంపుతున్నావు?”

“ఇంకా తేలలేదండీ. చర్చి నుంచి సరస్సుకు శవాన్ని చేర్చడమే కుదరట్లేదు. కారైతే టైర్ల గుర్తులు పడతాయి. మోస్తే అడుగులు పడతాయి.”

“స్పార్క్ మీద కూర్చోబెట్టు.”

తీరిల్ తలెత్తింది.

“శవానికి టోపీ పెట్టు. దుప్పటి కప్పు. పట్టపగలు, నట్టనడి బజారులోంచి, ఈల వేసుకుంటూ తోసుకుపొమ్మను. దారిలో రాగ్నీ లాంటిది ఆపి, ఎవరయ్యా అని అడుగుతుంది. మా అత్తగారు, ఇప్పుడే కునుకు పట్టింది, లేపకు అంటాడు. స్పార్క్ గుర్తులు ఊరంతా ఉంటాయి, ఎవడిదని పట్టుకుంటారు?”

“దేవుడా!” అంది తీరిల్. పెన్ను కోసం వెతుక్కుంది.

“నేనెందుకు ఆపుతాను?” అని రాగ్నీ కౌంటరు వెనక నుంచి అరిచింది. “శవమైనా సరే, కొట్టు ముందు నుంచి పోతుంటే ఏం కావాలని అడుగుతానంతే!”

“పని కాగానే ఆ బండిని దాచేస్తాడు,” అన్నాడు ఓస్ముండ్ మెల్లగా. “అది దొరికితేగానీ కేసు తేలదు. తోలు చుట్టిన పిడి. నలభై ఏళ్ళ బండి. ఇప్పుడు చెప్పు, పోలీసులు దాన్ని ఎలా వెతుకుతారు? ఈ మధ్య వచ్చే పుస్తకాల్లో అదే తప్పు రాస్తున్నారమ్మా. చదువుతుంటే కడుపు తరుక్కుపోతోంది.”

తీరిల్ స్వెర్రె వైపు తిరిగింది. “నిజంగా వెతికి చూపిస్తారా? మొదటి నుంచి?”

మంగళవారం పొద్దున స్వెర్రె చేతిలో వాచీ చూసుకుని పని మొదలుపెట్టాడు. కొట్లో ముగ్గురినీ కూర్చోబెట్టాడు. తీరిల్ రాసుకుంటోంది. ఓస్ముండ్ హెలికాప్టరు కోసమో, వాసన పట్టే కుక్క కోసమో కిటికీలోంచి చూస్తున్నాడు. స్వెర్రె జేబులోంచి ఉత్త పెన్ను తీశాడు.

“బండిని చివరిసారి ఎక్కడ చూశారు?”

“నా అరుగు మీద. గురువారం.”

“చూశారా, పెట్టారనుకుంటున్నారా?”

ఈ ప్రశ్న నలభై నిమిషాలు నంబర్లు నొక్కించుకున్న ఫోనులో ఎవరూ అడగలేదు. అయిదొందల అక్షరాల పెట్టెలోనూ లేదు.

“గురువారం కొట్టు నుంచి ఇంటికి ఎలా వెళ్ళారు?”

“ఎలా ఏమిటి, స్పార్క్ మీద! నలభై ఏళ్ళుగా...”

“గురువారమా?” అంది రాగ్నీ. “గురువారం మధ్యాహ్నం రోడ్డు మీద కంకర చల్లారు కదయ్యా, రాత్రి మంచు పడి గడ్డకట్టి కప్పేసింది గానీ.”

మా లోయలో పుట్టినవాళ్ళకు ఇంకో మాట చెప్పక్కర్లేదు. కంకర పడ్డ రోడ్డు మీద స్పార్క్ అంగుళం కదలదు. కంకర ఎక్కడ మొదలైతే అక్కడ బండిని గోడకు ఆనించి, మిగతా దారి నడిచిపోవడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. పైగా ముప్పై ఒక్క ఏళ్ళు ఆ కంకర చల్లి, ఊళ్ళో ముసలమ్మలందరి చేతా తిట్లు తిన్నది ఎవరనుకున్నారు? ఈ ఓస్ముండే!

“కంకర లారీ ఎక్కిపోయావు నువ్వు,” అంది రాగ్నీ. “కొత్త డ్రైవరు చల్లడం నీకు నచ్చలేదు. ఇలాగేనా చల్లేది, కోళ్ళకు గింజలేస్తున్నావా అని అరుస్తూ పక్కన ఎక్కి కూర్చున్నావు. మలుపు తిరిగేదాకా నీ గొంతు వినిపించింది. బండి లారీ వెనకాల వేసుకున్నావనుకున్నా.”

ఓస్ముండ్ చెవులు ఎర్రబడ్డాయి.

“ఎక్కేటప్పుడు బండి ఎక్కడ ఆనించారు?” అన్నాడు స్వెర్రె. “కంకర ఎక్కడ నుంచి మొదలైంది?”

“పాత పోలీసు ఆఫీసు దగ్గర నుంచి,” అన్నాడు ఓస్ముండ్. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే కళ్ళు మూసుకున్నాడు.

అందరూ లేచి నడిచారు. మూసేసిన ఆఫీసు పక్క గోడ వెంబడి, కప్పు మీంచి జారిపడ్డ మంచు నిలువెత్తు కుప్పగా ఉంది. మంచు తీసేవాడు లేడు, వచ్చేవాడూ లేడు. స్వెర్రె పారతో నాలుగు దెబ్బలు వేశాడు. తోలు చుట్టిన పిడి బయటపడింది. ఆ తరువాత కుర్చీ. కుర్చీలో రెండు కిలోల నారింజపండ్లు, రాళ్ళలా గడ్డకట్టి, ఒక్కటీ తగ్గకుండా. పన్నెండు రోజులుగా బండి పోలీసుల గోడకు ఆనుకునే ఉంది!

స్వెర్రె వాచీ చూశాడు. “తొమ్మిది నిమిషాలు.”

తీరిల్ అది రాసుకుంది.

రాగ్నీ మాత్రం వదలలేదు. “తను చేసిన పని తనే మరిచిపోయి ఊరంతా వెతికే వెధవ గురించి ఎవరో చీటీ రాశారయ్యా. ఏమన్నారు? భూమ్మీద పుట్టలేదనా?”

ఓస్ముండ్ ఒక నారింజపండు తీసి రాగ్నీ చేతిలో పెట్టాడు. “కరగనిచ్చి తిను. అందాకా నోరు మూతపడుతుంది.”

బుధవారం పొద్దున పుస్తకాల పెట్టె విప్పేసరికి వరసలో మొదటివాడు ఓస్ముండే. పది గంటలకు తెరిచే కొట్టుకు ఎనిమిదింటికే వచ్చి స్పార్క్ కుర్చీలో కూర్చున్నాడు. స్వెర్రె అంతకుముందు రోజే వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి మాకు మళ్ళీ పోలీసులు లేరు.

ఇప్పుడు చెప్పండి, థ్రిల్లర్లు చెడ్డవా? నవలలో పోలీసులు పదకొండు నిమిషాల్లో వస్తే అబద్ధమని ఒక్క చుక్క వేశాడు ఓస్ముండ్. నిజంలో రెండు నిమిషాలు తక్కువే పట్టింది! మధ్యలో పన్నెండు రోజులు పట్టిన మాట వేరు. అది కేసు నిజమని పొరపాటున చెప్పుకోవడం వల్ల వచ్చిన ఆలస్యం. మొదటి రోజే బండి మీద ఒక శవాన్ని కూర్చోబెట్టి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. తప్పు మాదే.

మరుసటి ఈస్టరుకు తీరిల్ నవల వచ్చింది. అందులో రిటైరైన మంచులారీ డ్రైవరు మూడో పేజీలోనే పోతాడు. టోపీ పెట్టి, దుప్పటి కప్పి, ఊరి మధ్య నుంచి తోసుకుపోతారు. రాగ్నీ కొట్టు ముందు ఆపుతుంది, ఏం కావాలని అడుగుతుంది. ఓస్ముండ్ ఒక్క పూటలో చదివాడు. పొయ్యి కింద చేయి పెట్టి వెతికి, పాత పాచికను బయటికి తీసి వేశాడు. మొదటిసారే అయిదు పడింది, మళ్ళీ వేయలేదు. చీటీ మీద ఇలా రాశాడు: ‘తను చేసింది తనే మరిచిపోయేవాళ్ళు ఉంటారని విశ్వసనీయంగా తెలిసింది. పాత అభిప్రాయం వెనక్కి తీసుకుంటున్నాను. శవం పాత్ర బాగా కుదిరింది.’

ఆ వారమే దంతవైద్యుడి ఉత్తరం కూడా వచ్చింది. జనానికి వైద్యాన్ని దగ్గర చేసే పథకం కింద, ఆ రెండు వారాల గురువారం కూడా ఇక ఉండదట.

ఓస్ముండ్ కుడి దవడకు మఫ్లరు చుట్టుకుని, వంటింటి బల్ల దగ్గర కూర్చుని తీరిల్‌కు ఉత్తరం రాశాడు.

‘అమ్మా తీరిల్! నీ పుస్తకానికి అయిదు చుక్కలు. డాక్టర్లను హంతకులుగా పెట్టడం మానాలని నేను ఎక్కడో రాసినట్టున్నాను, అది పట్టించుకోకు. ఈసారి హంతకుడు పళ్ళ డాక్టరైతే కథ రక్తి కడుతుంది. కానీ పని పద్ధతులు తప్పు రాస్తే వాళ్ళ పరువు పోతుంది, కాబట్టి చూసి రాయడానికి నిజమైనవాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకురా. పనిముట్లు కూడా తెమ్మను. చంపడానికి మనిషి కావాలంటే నేనున్నాను. కుర్చీ కూడా ఉంది, పట్టాలున్నది. తొందరేమీ లేదు, ఎడమ వైపు నమలగలుగుతున్నాను. శుక్రవారం దాకా.’